క్లేర్ గేటుకు హైదరాబాద్ బోర్డు

లా ఆఫీసుల పని ఎట్లుంటది అక్కా అని మన కార్క్ స్టూడెంట్స్ గ్రూపుల రోజుకొకరు అడుగుతున్నరు. ఒక్కొక్కరికి విడిగ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే అందరికీ కలిపి ఒకటే సారి రాస్తున్న. రిటైరైన జడ్జిగారి లెక్క కాళ్లు చాపుకుని చెప్పే వయసు కాదు నాది. కానీ లా నుంచి మాత్రం నేను రిటైరే. ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీల వేరేటోళ్ల తప్పులు పట్టే పని చేస్తున్న. జీతమిచ్చి మరీ పట్టుమంటున్నరు. ఇంతకన్న నాకు సరిపోయే ఉద్యోగం ఏముంటది?

ఫోన్‌ల టైపు చేస్తున్న, స్పెల్లింగులు పట్టకండి.

నేను ఇక్కడికొచ్చి చదివింది ఆయిల్ అండ్ గ్యాస్ లా. ఎందుకంటే కాలేజీ బ్రోచర్‌ల సముద్రం మధ్యల డ్రిల్లింగ్ రిగ్గు, దాని మీద హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఒకామె ఉండె. అది నేనే అని ఫిక్సయిపోయిన. తీరా నా థీసిస్ సగంల ఉండంగ, ఇగ కొత్తగ ఆయిల్ వెతకడానికి ఎవరికీ లైసెన్సులు ఇయ్యం అని ఇక్కడి ఐరిష్ సర్కారు చెప్పేసింది. ఒక దేశం మొత్తం కూర్చుని ఆలోచించి, నాకు ఉద్యోగం రాకుండ చేసిందన్నట్టు అనిపించింది. మా మమ్మీ మాత్రం చుట్టాలందరికీ "మా పిల్ల ఆయిల్ కంపెనీల పెద్ద లాయర్" అనే చెప్పేది. నేను కూడ కాదనలే.

చివరికి కార్క్‌ల ఒక పెద్ద మనిషి దగ్గర పని దొరికింది. ఒక్కడే సొలిసిటర్, చిన్న ఆఫీసు. ఇంటర్వ్యూల "ఆయిల్ లా చదివినవా? నా దగ్గర తవ్వకం కేసులంటే పక్కింటాయన గోడ జరిపిండు అనేవే ఉంటయి" అన్నడు. నన్ను తీసుకున్నది నా చదువు చూసి కాదు. ఆయన ప్రింటర్ మొండికేస్తే దాని మీద నేను అరిచి, కొట్టి పని చేయించిన కాబట్టి.

అంతల్నే లాక్‌డౌన్ వచ్చింది. డెబ్బై దాటినోళ్లు గడప దాటొద్దన్నరు. మా బాసు డెబ్బై దాటినాయన. ఆఫీసుకు తాళమేసి ఇంట్ల కూర్చున్నడు, ల్యాండ్‌లైన్ తప్ప వేరే ఫోన్ ముట్టడు. ఆఫీసు మొత్తం కార్క్ పక్కన బాలింకాలిగ్‌ల నా అద్దె రూములకు వచ్చింది. అంటే ఒక ల్యాప్‌టాప్, ఒక ఇస్త్రీ టేబులు, నా ఫోను. కింద ఉండే అక్కది గుంటూరు, పెద్దాసుపత్రిల నర్సు. తన నుంచి నాకేమన్న అంటుకుంటదని దగ్గరికి రాకపోయేది. ఉప్మా డబ్బా నా తలుపు ముందల పెట్టి, మెట్ల కిందికి పోయి అక్కడి నుంచి అరిచేది.

"తిన్నావా అమ్మాయ్? ఫోన్లో అట్టా కేకలెయ్యకు, పక్కింటోళ్ళు పోలీసు గార్డ్స్‌ని పిలుస్తారు!"

"కేకలు కాదక్కా, క్లయింట్‌తోని మాట్లాడుతున్న!"

"మాట్లాడటమే అట్టా ఉంటే, ఇంక పోట్లాడితే ఎట్టా ఉంటదో తల్లీ."

గట్ల ఉన్న టైంల ఫోన్ చేసింది క్లేర్ కౌంటీ ఆమె, కౌంటీ అంటే మన జిల్లా లెక్క. ఎన్నిస్ టౌనుకు కొంచెం అవతల పల్లెటూరు. డెబ్బై పైన వయసు, భర్త లేడు, ఆవులున్నయి, ఒక్కతే ఉంటది. జింక్ కోసం వెతికే ఒక కంపెనీ ఆమె పొలంల బోరు వేస్తమని నోటీసు పంపింది. ఎన్నిస్‌ల ఒక లాయర్‌కు చేస్తే, నేను ఆ కంపెనీ తరఫున ఉన్నా అన్నడంట. ఇంకొకాయన కంపెనీ ఏజెంటుకు బావమరిదంట. మూడో ఆమె ఫోనెత్తలే. చిన్న కౌంటీల లాయర్‌ను వెతుక్కునుడంటే పెండ్లిల చుట్టం కానోన్ని వెతుక్కున్నట్టే. అట్ల తిరిగి తిరిగి కార్క్ దాక వచ్చింది, అదృష్టం బాగలేక నాకు తగిలింది.

పేరు పెట్టి పిలువు అన్నది. ఇక్కడ అందరు అట్లనే పిలుస్తరు. నాకు నోరు రాలే, "ఆంటీ" అని వచ్చేసింది.

"నేను ఎవ్వరికీ ఆంటీని కాదమ్మా," అన్నది ఆమె. "మా అక్కకు కూడ పిల్లలు లేరు. అయినా గ్రాండ్, పిలువు."

ఆమెకు కావాల్సింది ఒక్కటే. బోరు వద్దని కాదు. గేటు పక్క పొలంల ఒక బావి ఉంది. ఊట బావి, ఎంత ఎండాకాలమైనా ఎండదు. ఇంటికి, ఆవులకు, చాయ్‌కి, అన్నిటికీ ఆ నీళ్లే. కంపెనీ మ్యాపుల బోరు గుర్తు ఆ బావి పక్కనే ఉంది. ఆడ కింద రాయిని పగలగొడ్తే ఊట ఎటు పోతదో ఎవ్వరు చెప్పలేరు. "ఎక్కడన్న వేసుకోమను, బావి దగ్గర మాత్రం వద్దను," అన్నది. గంతే. కేసు మొత్తం గంతే.

ఇది మా డాడీకి చెప్తే ఆయనకు అసల్ సమజే కాలే. "ఫ్రీగ బోరేస్తమంటే వద్దంటదా? మన కాలనీల బోరుకు ఎన్ని తిప్పలు పడ్డం!"

బాసు ల్యాండ్‌లైన్‌ల నాకు లెక్క చెప్పిండు. పొలం ఆమెదే, కానీ కింద ఉన్న జింక్ మీద హక్కు సర్కారుది. కంపెనీకి వెతుక్కునే లైసెన్స్ ఉంది కాబట్టి కాయిదం మీద ఆమె గట్టిగ వద్దనడానికి లేదు. కానీ రిగ్గు లారీ బావి పొలంల దిగాలంటే దారి కావాలె. రెండే దారులు. ఒకటి ఆమె గేటు. రెండోది పక్క పొలమాయన సందు. ఆయన పెండ్లి చేసుకోలే, ఆవులే లోకం. మా సందు ఇరుకు, లారీ పట్టది అని ఏజెంటుకు ఎప్పుడో చెప్పేసిండు. "ఈమె గేటు తెరవనంత కాలం వాళ్లు వచ్చి మాట్లాడుతరు. మాట్లాడితే గుర్తు జరుగుతది. నువ్వు ఉత్తరం ఒకటి టైపు చేసి ఊరుకో," అన్నడు బాసు.

ఊరుకోమంటే ఊరుకుంటే నేనెందుకైత?

మీల హైదరాబాదోళ్లకు తెలుసు. మా డాడీ ఘట్‌కేసర్ అవతల ఒక ప్లాటు కొన్నడు. మా చిన్నప్పుడు ఆదివారమంటే సినిమా కాదు, పార్కు కాదు. ప్లాటుకు పోయి బోర్డు ఉన్నదా లేదా చూసుడు. "ఈ స్థలం ఫలానా వారిది, ఆక్రమించిన చట్టరీత్యా శిక్షార్హులు", కింద మొబైల్ నంబరు. ఒకసారి బోర్డు కనిపించకపోతే డాడీ అక్కడే కూలబడి బీపీ గోలి వేసుకున్నడు. నేను నేర్చుకున్న మొదటి ల్యాండ్ లా గదే. ముందు బోర్డు, తర్వాత కోర్టు.

సో, ఫోన్‌లనే డిజైన్ చేసిన. పసుపు మీద ఎర్ర అక్షరాలు. ప్రైవేట్ స్థలం, ఎవ్వరికీ ప్రవేశం లేదు, దాటితే చట్టపరమైన చర్య. కింద ఒక బొద్దు చెయ్యి బొమ్మ, ఆగు అన్నట్టు. ఎన్నిస్‌ల ఒక ప్రింటింగ్ షాపాయనకు వాట్సాప్ చేసిన. ఆయన తయారు చేసి, గేటుకు బిగించి కూడ పోయిండు. ఆంటీ వీడియో కాల్‌ల చూపించింది. గేటు కన్న బోర్డే పెద్దగుంది.

"జర పెద్దగ లేదా ఇది?" అన్నది ఆమె మెల్లగ.

"చిన్నదే ఆంటీ. మా దగ్గరైతే ఇంకా పెద్దది పెడ్తం."

"అట్లనా," అన్నది. "గ్రాండ్."

ఇక్కడ గ్రాండ్ అనే మాటకు ఎన్ని అర్థాలున్నయో నాకు అప్పటికి ఒక్కటే తెలుసు, బాగుంది అని. నేను స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకున్న. ఫస్ట్ కేస్, ఫైర్ ఎమోజీ.

కొన్ని రోజులకు ఆమె నన్ను ఇంకో సాయమడిగింది. ఆన్‌లైన్‌ల సామాన్లు ఎట్ల తెప్పించుకోవాలె అని. నేను ఉత్సాహంగ స్క్రీన్ చూపించుకుంట నేర్పించిన. పెద్దామెకు డిజిటల్ లిటరసీ నేర్పుతున్న అని దానికీ ఒక స్టేటస్. ఇన్ని రోజులు ఆమెకు బ్రెడ్డు, పేపరు ఎవరు తెచ్చిన్రు, ఇప్పుడు ఎందుకు తెస్తలేరు అని అడగాలని నా బుర్రకు తట్టలే.

అప్పుడు వచ్చింది కంపెనీ నుంచి ఈమెయిల్. చాలా మర్యాదగ ఉంది. మీ క్లయింటు గేటు ఇగ మాకు అవసరం లేదు, పక్క పొలమాయన తన సందుల నుంచి దారి ఇస్తనన్నడు, రిగ్గు లారీ చిన్నది తెస్తున్నం, ధన్యవాదాలు. నేను ఇస్త్రీ టేబుల్‌ను ఒక్కటి గుద్దిన. కింది నుంచి అక్క "ఏం పడింది?" అని అరిచింది. నా కేసు అక్కా.

బాసుకు ఫోన్ చేసి పక్కాయన మీద ఎగిరిన. నమ్మకద్రోహి, డబ్బుకు అమ్ముడుపోయిండు, కోర్టుల ఇంజంక్షన్ వేద్దాం సార్. ఆయన మొత్తం విని ఒక్కటే అడిగిండు.

"ఆమె గేటుల నుంచి ఎవరెవరు నడుస్తరు?"

"ఆమె గేటు సార్. ఆమే నడుస్తది."

"అడిగినవా?"

"...లేదు."

"మరి ఆ పక్కాయనకు ఉన్నట్టుండి ఏమైంది? అక్కడ ఈ మధ్యల ఏమన్న మారిందా?"

అప్పుడు బోర్డు సంగతి చెప్పాల్సి వచ్చింది. బోర్డా అన్నడు. ఎంతుంది అన్నడు. చెప్పిన.

"ఎవరినీ అడగకుండ గేటుకు బోర్డు పెట్టించినవా?"

"సార్, మా దగ్గర ముందు బోర్డు పెడ్తం, తర్వాత అడుగుతం."

ఆయన నవ్విండు. తర్వాత నవ్వుడు ఆపిండు. ఆ ఆపుడే నాకు ఎక్కువ భయమైంది.

ఆంటీకి ఫోన్ చేసి అప్పుడు అడిగిన. ఆమె చెప్పదు, నేను వదల. చివరికి చెప్పింది. పక్కాయన ఆవులు ఆయన పై పొలానికి పోవాలంటే ఆమె గేటుల నుంచే దారి. కాయిదం లేదు, హక్కు లేదు, ఏం లేదు. వాళ్ల నాయినల కాలం నుంచి పోతున్నయి, గంతే. లాక్‌డౌన్ వచ్చినకాడి నుంచి ఆమెకు బ్రెడ్డు, పేపరు తెచ్చి గేటు రాయి మీద పెట్టేది కూడ ఆయనే. బోర్డు పడ్డ తెల్లారి నుంచి ఆవులు రాలే. ఆయన రాలే. ఆవులను రోడ్డెంట చుట్టు తిప్పి తోలుకపోతున్నడు.

"మరి ఆయనకు చెప్పకపోయిన్రా, అది మీ కోసం కాదు అని?"

"ఎట్ల చెప్తం? ఆయన ఏమన్న అంటే కదా చెప్పేది. ఆయన ఏమనలే."

నాకు తల పట్టుకోవాలనిపించింది. మా గల్లీల అయితే బోర్డు చూసిన ఐదు నిమిషాలకు ఇద్దరు రోడ్డు మీదికొచ్చి, ఒకరి తాతను ఒకరు తిట్టుకుని, సాయంత్రానికి ఇరానీ హోటల్‌ల ఒకటే చాయ్ ఇద్దరు తాగేటోళ్లు. ఇక్కడ ఒక్క మాట లేకుండనే కొట్లాట, కరువు వచ్చినట్టు వచ్చింది.

ఒక కౌంటీ నుంచి ఇంకో కౌంటీకి పోవచ్చు అని వదిలినంక బాసు నన్ను క్లేర్ పొమ్మన్నడు. ఏజెంటు కూడ అదే రోజు సందు కొలవడానికి వస్తున్నడు. "బోర్డు పీకు. పక్కాయనను నేరుగ ఏం అడగకు. ఏజెంటు ముందల నిన్ను అడిగితేనే మాట్లాడు," అని మూడు సార్లు చెప్పిండు. సరే సార్, సరే సార్, సరే సార్ అన్న.

బస్సు, ఎన్నిస్ నుంచి ట్యాక్సీ. మీటరు చూసుకుంట, నన్ను నేను తిట్టుకుంట దిగిన. ఆంటీ గేటు లోపల దూరంగ నిలబడి చెయ్యి ఊపింది. వీడియోల అనుకున్నదాని కన్న చాలా పొట్టిది. బురద బూట్లు, వదులు కోటు. పలకరించుకున్నంక నేను బోర్డు పీకే పని మొదలుపెట్టిన. ప్రింటింగ్ షాపాయన చాలా నిజాయితీపరుడు. ఎన్ని మేకులు కొట్టిండో, గోర్లు విరిగినయి కానీ బోర్డు ఊడలే.

అప్పుడు పక్కాయన కనిపించిండు. తన గోడకు రాళ్లు సర్దుతున్నడు. బాసు చెప్పింది నాకు గుర్తుంది. నేరుగ అడగొద్దు. నేరుగ అడగొద్దు. నేరుగ పోయిన.

"బాగున్నరా సార్?"

"గ్రాండ్."

"ఈ బోర్డు చూసిన్రా?"

"చూసిన. మంచి బోర్డు. అద్దాలు లేకుండ కూడ చదవొచ్చు."

"మీకు కోపమొచ్చిందా?"

"నాకెందుకు కోపం? ఆమె పొలం, ఆమె గేటు. అంత గ్రాండ్."

ఇంకో రాయి పెట్టిండు. నాకు ఎక్కడ కాలిందో తెల్వది.

"గ్రాండ్ కాదు! ఏం గ్రాండ్? ఆమె బ్రెడ్డు కోసం ఫోన్‌ల బటన్లు ఒత్తుకుంట కూర్చుంటుంది, మీరు ఆవులను రోడ్డెంట తిప్పుతున్నరు, బావి పోయేటట్టుంది, ఇది గ్రాండా? తిట్టుర్రి! నన్ను తిట్టుర్రి! ఆ దరిద్రపు బోర్డు పెట్టించింది నేను! పెద్దగైంది అని ఆమె అంటే ఇంకా చిన్నదే అన్నది నేను! ఆమెది ఏం లేదు!" ఇందుల సగం తెలుగుల అన్న. ఆయన ఆవులు తలలెత్తి చూసినయి.

ఆయన చేతిల రాయి అట్లనే ఉంది.

"నువ్వా? ఆమె కాదా?"

"నేనే!"

"ఆ ఏజెంటుతోని సంతల మొదలు మాట్లాడింది నేను. నేనే ఆయనను తీసుకొచ్చిన అనుకుని గేటు వేసిందేమో అనుకున్న."

"ఆమె అట్లెందుకు అనుకుంటది?"

"ఏమో. అడగలే."

ఆయన గేటు వైపు చూసిండు. ఆంటీ అటు తిరిగి నిలబడి, పక్షులను చూస్తున్నట్టు నటిస్తున్నది. మా అరుపులు పక్క ఊరికి కూడ వినబడి ఉంటయి.

"అయితే సందుల దారి ఇయ్యనని ఏజెంటుకు చెప్పేయండి," అన్న.

"చెప్పను. మాటిచ్చిన."

"అయ్యో సార్!"

"మాటిచ్చినంక తప్పేది లేదు," అని రాయి కింద పెట్టి, ఆకాశం చూసి, "ఇయ్యాల గాలి బాగుంది," అన్నడు. నా ముందర నుంచి నడుచుకుంట పోయి ఆవుల కొట్టం తెరిచిండు. బావి సంగతి మాట్లాడుతుంటే గాలి అంటడేంది, ఈయనకు నిజంగనే మతి లేదు అనుకున్న. జేబుల నుంచి స్క్రూడ్రైవర్ తీసి నాకు గోడ మీద పెట్టి పోయిండు కాబట్టి బోర్డు మాత్రం ఊడింది.

మధ్యాహ్నం ఏజెంటు జీపు వచ్చింది. సందుల మలుపు తిరిగి ఆగింది. సందు నిండ ఆవులు. కొన్ని నిలబడ్డయి, కొన్ని మంచిగ పండుకుని నెమరేస్తున్నయి. ఏజెంటు హారన్ కొట్టిండు. ఒక ఆవు లేచి, జీపు ముందరికొచ్చి మల్ల పండుకుంది.

పక్కాయన గోడ మీద కూర్చుని ఉన్నడు. "రావొచ్చు రావొచ్చు, దారి మీదే," అన్నడు ఏజెంటుతోని. "మాటిచ్చిన కదా."

"ఈ ఆవులు ఎప్పటిదాక ఉంటయి?"

"గాలి ఇట్లనే ఉంటే ఎండాకాలమంత ఇక్కడనే ఉండాలంటయి. సందు చల్లగుంటది పాపం వాటికి."

"రిగ్గు వచ్చే రోజు తీస్తరా?"

"తీస్త. అవి ఇష్టపడ్తే తీస్త."

కాదు అనే మాట ఆయన నోట్ల నుంచి ఒక్కసారి కూడ రాలే. లా స్కూల్‌ల నాకు ఇట్లాంటిది ఎవ్వరు నేర్పలే. ఏజెంటు కూడ ఈ దేశంల పుట్టినోడే కాబట్టి సమజైంది. జీపు అక్కడే వదిలి, చుట్టు నడుచుకుంట మ్యాపు పట్టుకుని ఆంటీ గేటు కాడికి వచ్చిండు.

గేటుకు అటు ఆయన, ఇటు ఆంటీ, ఆమెకు కొంచెం అవతల నేను. ఎవరి దూరంల వాళ్లం. బాసు ల్యాండ్‌లైన్‌ల చెప్తే నేను టైపు చేసుకున్న కాయిదం నా ఫోన్‌ల ఉంది. అందుల మేము అడిగింది బావి పొలం దాటి ఆమెదే పక్క పొలంలకు గుర్తు జరపమని.

"చాలా దూరం నడిచొచ్చినవ్," అన్నది ఆంటీ. "దాహమైతుందా? బావి అక్కడనే ఉంది, డొక్కు కప్పు కూడ ఉంది, కడిగిందే."

ఆయన బావి కాడికి పోయిండు. వంగి తాగిండు. మల్ల ముంచుకుని తాగిండు. అక్కడే కొంచెంసేపు నిలబడ్డడు. తిరిగొచ్చిండు. మ్యాపు గేటు మీద పరిచి పెన్సిల్ తీసి, బావి పక్కనున్న గుర్తు కొట్టేసిండు.

పెన్సిల్ పక్క పొలంలకు వచ్చింది. అక్కడ ఆగింది. మేము అడగాలనుకున్నది గదే. కానీ నేను చూస్తుంటే పెన్సిల్ ఇంకా కాయిదం మీదనే ఉంది, ఎత్తలే, ఆలోచిస్తున్నడు. ఇంకో పొలం అడుగు, ఇప్పుడైతే ఇస్తడు అని నా లోపలి లాయర్ లేచింది. క్లాజులు, సెక్షన్లు, దూరం మీటర్లల్ల, అన్ని నాలుక మీదికొచ్చినయి. గాలి పీల్చి నోరు తెరిచిన.

ఆంటీ జరిగొచ్చి నా కాలు తొక్కింది. మామూలుగ కాదు, గట్టిగ. మొహం మాత్రం ఏజెంటు వైపే, నవ్వుకుంట. "నీ ఇష్టం నాయనా, నేనేం అడ్డం రాను," అన్నది ఆయనతోని.

పెన్సిల్ కదిలింది. పక్క పొలం దాటింది, దాని పక్కది కూడ దాటింది, రోడ్డు పక్కన నీళ్లు నిలిచే చిత్తడి భూమిల ఆగింది. అక్కడనే తర్వాత బోరు వేసిన్రు, ఏం దొరకక పూడ్చి పోయిన్రు. బావికి ఏం కాలే.

నేను నోరు మూసిన. బూటు తీస్తదేమో అని చూసిన, ఆమె తియ్యలే. ఏజెంటు మ్యాపు మీద సంతకం పెట్టి, మడిచి, ఆవులను దాటుకుని జీపెక్కేదాక అట్లనే తొక్కి పెట్టింది. మనిషనేది నన్ను తాకి ఎన్ని నెలలైందో. తాకింది, బురద బూటుతోని.